కో-హోస్టు

పదిన్నరకు మీటింగు.
పదింటికే నేను తలుపు కాడ కూసుంట.
తలుపంటే చెక్కది కాదు, తెర మీద చిన్న డబ్బా.
"ఇరవై మూడు మంది బయట ఉన్నరు" అంటది.
పేరు చూసి, నొక్కి, ఒక్కొక్కల్ని రానిస్త.

ములుగుల ఈ ఆఫీసు.
నా కుర్చీకి ఒక చెయ్యి లేదు.
నాలుగు నెలల సంది జీతం లేదు.
ఏజెన్సీ ఇచ్చిన కార్డు మీద
రవళి బదులు రావలి అని పడ్డది.
రావలసినవేవీ రాలే, ఆ పేరొక్కటి వచ్చింది.
అయినా ఈ గంటన్నర
జిల్లా అంతా నా చూపుడు వేలి కింద ఉంటది.

పెద్దసారు హోస్టు. ఆ సంగతి ఆయనకే తెల్వదు.
పాస్‌వర్డు నా నోట్‌బుక్కు వెనక అట్ట మీద,
పాల లెక్క పక్కన.
డాక్టరుసారుకు తెర చూపించే హక్కు,
ఇంజనీరుసారుకు మైకు,
తాసిల్దార్లకు అడిగితే మైకు,
కార్యదర్శులకు, ఆశా అక్కలకు
వినే హక్కు.
ఈ వరుస ఎవరు చెప్పిన్రు? కాయితం ఏడా లేదు.
పెండ్లిల మొదటి బంతికి ఎవలు కూసోవాల్నో
ఎవలన్న రాసిపెడ్తరా?

భాద్రపదం ముసురు. జ్వరాల మీద మీటింగు.
ఇండ్లన్నీ ఒక్కపారే లోపలికి జొచ్చినయి:
కుక్కరు ఈల, బర్రె అరుపు,
"ఏందే, ఛార్జరు ఏడ పెట్టినవ్?"
సారు నొసలు ముడిచిండు.
"అందర్ని మ్యూట్ చెయ్" అన్నడు.
ఒక్క నొక్కు.
నూట నలభై గొంతులు,
కరెంటు పోయిన ఊరు లెక్క.

డాక్టరుసారు పటం పెట్టిండు. వాగవతల అంతా పచ్చరంగు.
"కేసులు లేవు సార్."
అప్పుడు లేచింది బొమ్మచెయ్యి.
కింద మనిషి పేరు లేదు: రెడ్మీ నోట్ ఎయిట్.
తెరల సగం మొకం, తడిసిన ఇప్పకొమ్మ, మిగతాదంతా మబ్బు.
సిగ్నల్ కోసం గుట్టెక్కినట్టుంది.
పది నిమిషాలు. ఇరవై. నలభై.
బొమ్మచెయ్యికి నొప్పి పుట్టదు.
ఫోను పట్టుకున్న చెయ్యికి పుడ్తది గద.

ఈ కొలువుల నేను నేర్చిందొకటే:
ఎవరి నోరైనా అడగకుండ మూయొచ్చు.
తెరవాలంటే మాత్రం అడగాలె.
"మాట్లాడుతారా?" అని చిట్టీ పోతది,
అవతలి మనిషి ఒప్పుకోవాలె.
దీన్ని తయారుచేసినోడు ఎవడో గానీ
మూసుడు నా చేతికిచ్చి
తెరుసుడు ఆమె చేతిల పెట్టిండు.

రిజిస్టరు తిప్పిన. నంబరు దొరికింది.
రెడ్మీని కొట్టేసి తెలుగుల టైపు చేసిన:
పూనెం సోమక్క.
కో-హోస్టును చేసిన.
చిట్టీ పంపిన.

ముందు వాన వచ్చింది, మాట కాదు.
ఆఫీసు గదినిండ వాన.
తర్వాత,
"సార్, ఇనబడ్తుందా?
మా గూడెంల పదకొండు మందికి చలిజ్వరం.
తీసిన స్లైడ్లు గుడ్డల చుట్టి బియ్యం డబ్బాల పెట్టిన.
వాగు దాటలేక ఆరు దినాలాయె.
మీ పటం పచ్చగుంది సార్,
అవి నా ఇంట్ల ఉన్నయి గనక."

ఎవ్వరు దగ్గలే కూడా.
సారు నా దిక్కు తిరిగిండు.
"ఆమెకు మైకు ఎవరిచ్చిన్రు?"
"అప్‌డేట్ అయింది సార్" అన్న.

సాయంత్రానికి పడవ పోయిందంటరు కొందరు,
తెల్లారి పోయిందంటరు కొందరు.
నాకు మాత్రం కాయితం వచ్చింది.
ఎవరెవరు మాట్లాడాల్నో వరుసగ రాసి,
కింద సంతకం, ముద్ర,
"తప్పితే ఆపరేటర్ రావలి బాధ్యురాలు."
ఇన్నేండ్లకు ఆ వరుస రాతల కనబడ్డది.
మడిచి పాల లెక్క కాడ పెట్టిన.

ఇయ్యాల మల్ల పదైంది.
"ఇరవై నాలుగు మంది బయట ఉన్నరు."
చివర ఒక పేరు, ఈపారి తనే రాసుకున్నది,
అచ్చరాలు కొంచెం తప్పుగ:
సోమకక, వాగవతల.

సరిచేద్దామని వేలు పోయింది.
ఆపుకున్న.
రానిచ్చిన.